నీలిదారం కట్టలు ఏడు

కార్లోవాత్స్ సంతలో యగిత్సకి మనుషుల పేర్లు తెలియవు, రోగాలు తెలుసు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఒకే బల్ల వెనక నిలబడి ఆకులూ వేళ్ళూ ఎండుపూలూ అమ్ముతున్న మనిషికి పేర్లతో పనేమిటి? వెడల్పు టోపీ ఆవిడది మలబద్ధకం. ఎండు ప్లమ్ పళ్ళు రాత్రి నానేసి పొద్దున్నే తినమనీ, ఆ నీళ్ళు పారబొయ్యకుండా తాగమనీ ఆవిడకి వారం వారం చెప్పాలి. ఎర్ర స్కూటరు మాస్టారిది గ్యాసు. చిక్కుడుగింజల పులుసు మానేసి సోంపు నీళ్ళు తాగవయ్యా అంటే, సోంపు నీళ్ళు తాగేశాం కదా అని రెండు గిన్నెల పులుసు లాగిస్తాడు. ఇక పిత్తాశయంలో రాళ్ళున్న పొడుగాయన. కొవ్వు ముట్టొద్దని డాక్టరు చెప్పాడు, యగిత్స చెప్పింది, ఇంటావిడా చెప్పింది. ముగ్గురి మాటా బుద్ధిగా విని, నేరుగా బీరు హోటలుకి పోయి వేయించిన పంది మాంసం తింటాడు.

మార్చి నెల వచ్చిందంటే మాత్రం ఈ రోగాలన్నిటికీ ఒకటే మందు, ఎలుగువెల్లుల్లి. చలికాలమంతా పొగబెట్టిన మాంసం, పులిసిన క్యాబేజీ, మొక్కజొన్న సంకటి మీద కరిగిన పంది కొవ్వు తిని తిని ఊరంతా పొట్టలు పట్టుకుని మూలుగుతుంటుంది. అప్పుడు అడవిలో, ఆకులు రాలిన చెట్ల కింద, వెల్లుల్లి వాసన కొట్టే వెడల్పాటి పచ్చని ఆకు మొలుస్తుంది. నిద్ర లేచిన ఎలుగుబంటి మొట్టమొదట తినేది అదేనంటారు. ఎలుగుబంటి పేగులు కడిగే ఆకు మనిషి పేగులు కడగదా? పచ్చిగా తిన్నా, సూపులో వేసినా, గడ్డపెరుగులో కలిపినా రక్తం శుభ్రపడుతుందని ఆ ఊరి నమ్మకం.

అయితే అదే నెలలో, అదే నేలలో, మంచుపువ్వు అనే ఇంకో మొక్క కూడా ఆకు వేస్తుంది. దానిది పచ్చి విషం. ఆరేడు ఆకులు చాలు, ఆరోగ్యంగా ఉన్న మనిషిని వారం తిరక్కుండా పాడె ఎక్కించడానికి. చూపుకి రెండూ తోబుట్టువుల్లా ఉంటాయి. అందరికీ తెలిసిన తేడా వాసన. అందుకే యగిత్స బల్ల ముందు అట్టముక్క మీద పెద్ద పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది: "ఆకు ఆకూ వాసన చూసి కట్టినది". ఆవిడ గర్వమంతా ఆ అట్టముక్కే.

ఆ శనివారం పదిన్నరకి బేరాలు సద్దుమణిగాయి. పక్క బల్ల మీద జున్నూ మీగడా అమ్మే రోజిక రొట్టె కోసి, జున్ను పరిచి, యగిత్స బుట్టలో మిగిలిన చివరి కట్టలోంచి చొరవగా రెండాకులు లాగింది. ఒక్క ముక్క కొరికి మొహం చిట్లించింది.

"ఏమే, ఇది వెల్లుల్లా, గడ్డిపరకా? వాసనా లేదు, రుచీ లేదు. పైగా చేదు."

"నీ నాలుకకి జున్ను పేరుకుపోయిందేమో చూసుకో," అంటూ యగిత్స ఆ కట్ట అందుకుంది.

అందుకుని ఆగిపోయింది. ఎలుగువెల్లుల్లి ఏ ఆకుకా ఆకు విడిగా, సన్నటి కాడతో వస్తుంది. ఈ కట్టలో మూడాకులు ఒకదాన్నొకటి చుట్టుకుని ఒకే మొదలు నుంచి వచ్చాయి. వాటికి కాడ లేదు. తళతళమని నిగనిగలాడుతున్నాయి. వేళ్ళ మధ్య నలిపి వాసన చూసింది. వెల్లుల్లి ఘాటు గుప్పుమంది. ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చింది. అంతలోనే, ఆకు పారేసి, ఉత్త వేళ్ళు వాసన చూసుకుంది. అదే ఘాటు.

"ఉమ్మెయ్!" అని అరిచింది. "ఉమ్మెయ్యవే రోజికా, మింగావా? మింగలేదు కదా?"

రోజిక బిత్తరపోయి ఉమ్మేసింది. యగిత్స నీళ్ళ సీసా ఆవిడ నోటికి పెట్టి మూడుసార్లు పుక్కిలింపించింది.

తప్పు తెల్లవారుజామునే జరిగింది. ఏటేటా కోసే వాలులో ఆకు లేదు. జాగ్రెబ్ నుంచి కార్లు వేసుకొచ్చినవాళ్ళు ప్లాస్టిక్ సంచులతో ఊడ్చేసి పోయారు. ఒక బుట్ట అతికష్టం మీద నిండింది. సెయింట్ జోసెఫ్ పండక్కి ముందు శనివారం, సంతకి జనం విరగబడే రోజు, సగం బల్ల ఖాళీగా పెట్టుకుని ఎలా నిలబడుతుంది? కిందకి దిగి, మడుగు గట్టున, తేమ నేలలో రెండో బుట్ట నింపింది. అక్కడ కోయొద్దని తల్లి చిన్నప్పుడే చెప్పింది. అయినా ఆకు ఆకూ వాసన చూస్తాం కదా అనుకుంది. చూసింది కూడా. రెండు గంటలుగా వెల్లుల్లి ఆకు నలుపుతున్న చేతులతో ఏ గడ్డి పట్టుకున్నా వెల్లుల్లి వాసనే వస్తుందని ఆ ముప్ఫై ఒక్క ఏళ్ళ అనుభవానికి తట్టలేదు. ముక్కు అబద్ధం చెప్పలేదు, చేతులే చెప్పాయి.

ఎర్రదారం అయిపోతే రెండో బుట్ట ఆకుని నీలిదారంతో కట్టింది. అది ఒక్కటే అదృష్టం. మొత్తం ఎనిమిది కట్టలు. ఒకటి ఇక్కడుంది. ఏడు అమ్ముడుపోయాయి, ఏ రోగానికి ఏ కట్ట ఇచ్చిందో ఆవిడకి గుర్తే.

ఆసుపత్రికి ఫోన్ చేసింది. అవతల నర్సు ఒకటే మాట చెప్పింది. తిన్నవాళ్ళు కడుపునొప్పి వచ్చేదాకా ఆగకూడదు, నొప్పి సాయంత్రానికో రేపటికో గాని రాదు, వచ్చాక చెయ్యగలిగింది తక్కువ. ఉమ్మేసినవాళ్ళు కూడా వచ్చి చూపించుకోవాలి.

రోజిక గొంతు తగ్గించింది. "నే పోయి చూపించుకుంటాలే. కానీ నువ్వు మాత్రం తొందరపడకు. ఈ ఒక్క కట్టలోనే కలిసిందేమో! నోరు విప్పావంటే ముప్ఫై ఏళ్ళ బేరం ఇవాళ్టితో సరి. కొరివితో తల గోక్కుంటావా?"

"ఇందులో ఒక్కదాన్లోనే కలిసిందని శిలువ ముట్టుకుని చెప్తావా?"

రోజిక మెడలో శిలువ మీదకి చెయ్యి వెళ్ళలేదు.

యగిత్స బల్ల అలాగే వదిలేసి పరుగెత్తింది. అరవై ఆరేళ్ళ మోకాళ్ళు కలుక్కుమంటున్నా కాలు నిలవలేదు. చేపల వరుసలో వెడల్పు టోపీ కనబడింది. పేరు పెట్టి పిలుద్దామంటే పేరేమిటి?

"మలబద్ధకం అమ్మగారూ! మలబద్ధకం అమ్మగారూ, ఆగండి!"

చేపలవాళ్ళూ, కొనేవాళ్ళూ అందరూ తిరిగి చూశారు. టోపీ కింద మొహం కందగడ్డయింది. యగిత్స ఆవిడ సంచిలో చెయ్యిపెట్టి నీలిదారం కట్ట లాక్కుని, "తినొద్దు, తప్పు నాది, తర్వాత తిట్టండి," అని మళ్ళీ పరుగు తీసింది. ఆవిడ ఆ తర్వాత తిట్టడానికి కూడా ఆ బల్ల దగ్గరికి రాలేదు.

మాస్టారు మంగలి షాపులో సబ్బు నురగ మొహంతో దొరికాడు. స్కూటరు హ్యాండిలుకే కట్ట వేలాడుతోంది. అందులో విషపాకు ఒకటి ఉంది. పొడుగాయన బీరు హోటల్లో, ఎప్పటిలాగే మాంసం ముందు కూర్చుని, "దీంతో పాటు ఆకు నంజుకుంటే కొవ్వు ఏమీ చెయ్యదుగా కూమిత్సా?" అని అడిగాడు. సంతలో పల్లెటూరి ఆడవాళ్ళని అందరూ కూమిత్స అనే అంటారు. "ఈ ఆకు నంజుకుంటే నీకు కొవ్వు బాధే ఉండదు, అసలే బాధా ఉండదు," అని కట్ట లాక్కుంది. సంత వెనక ఇంట్లో షుగరున్న అక్కచెల్లెళ్ళిద్దరూ పిండి కలుపుకుంటూ ఇంకా ఆకు తరగలేదు. నాలుగు దొరికాయి.

అయిదూ ఆరూ బస్టాండు పక్క భోజనశాలకి వెళ్ళాయి. అది నడిపే ఆవిడ యగిత్స లెక్కలో కాళ్ళవాపు. వంటింట్లోకి వెళ్ళేసరికి పెద్ద గిన్నెలో పచ్చటి సూపు కుతకుతలాడుతోంది, ఇరవై పళ్ళేలు వరసగా పేర్చి ఉన్నాయి.

"ఎవరికైనా వడ్డించావా?"

"పన్నెండుకి గాని వడ్డించం. ఏం, ఉప్పు చూస్తావా?"

యగిత్స గిన్నె పట్టుకుంది. వేడికి చేతులు కాలాయి. సంగతి విన్న ఆ ఇల్లాలు గిన్నె మొత్తం ఎత్తి తూములో పోసింది. పోస్తున్నంతసేపూ యగిత్స ఏడు తరాలనీ వదలకుండా తిట్టింది. యగిత్స ఆ తిట్లు తలవంచుకుని తిన్నది. తినాల్సినవే మరి.

ఏడో కట్ట పులితేపుల ఆయనది.

ఆయన పొద్దున ఎనిమిదింటికి వచ్చాడు. "ఇవాళ ఉడకబెట్టిన గుడ్లు, బంగాళాదుంపలు, మీద పచ్చి ఆకు సన్నగా తరిగి! పన్నెండు కొట్టేసరికి పళ్ళెం ముందు ఉంటా," అన్నాడు. ఆ మాట ఇప్పుడు గుర్తొచ్చింది. మిగతావాళ్ళయితే ఉడికిస్తారు, పిండిలో పెడతారు, ఆలస్యం చేస్తారు. ఈయన పచ్చిదే తింటాడు. గోపురం గడియారం పదకొండు యాభై చూపిస్తోంది.

ఆయన్ని వెతకడానికి పనికొచ్చేవి యగిత్సకి రెండే తెలుసు. పరగడుపున పాలకాఫీలు తాగుతాడు. ఆ మంట చల్లార్చడానికి సోడా ఉప్పు తింటాడు. ఆ తిక్క పని మానమని నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పింది, ఆయన వినలేదు. ఆ వినకపోవడమే ఇప్పుడు దారి చూపించాలి.

కోరానా నది వంతెన పక్క కాఫీ హోటలుకి పరుగెత్తింది. "పొద్దున్నే పాలకాఫీ తాగి గుండెల మీద రాసుకునే ముసలాయన, బూడిదరంగు కోటు?"

"మూడు తాగి, నాలుగోది బాగాలేదనేవాడేగా?" అంది వడ్డించే పిల్ల. "ఇల్లు తెలీదు. ఇక్కణ్ణుంచి లేచి ఆ మూల కొట్టుకి పోతాడు."

మూల కొట్టాయన నవ్వాడు. "సోడా ఉప్పు విల్కో! రైలు ఇంజను నడిపి రిటైరయ్యాడు. స్టేషను వెనక రైల్వే క్వార్టర్లు, మూడో అంతస్తు. ఏం కూమిత్సా, సంబంధమా? ఒంటరివాడేలే."

స్టేషను దాకా పరుగు, నడక, మళ్ళీ పరుగు. దారిలోనే పన్నెండు గంటలు మోగాయి. పన్నెండు దెబ్బలూ ఆవిడ వీపు మీదే పడ్డాయి. మూడంతస్తులు కమ్మీ పట్టుకుని ఎక్కి తలుపు బాదింది.

విల్కో మెడలో చేతిగుడ్డతో తలుపు తీశాడు. "అరె, మా కూమిత్సే! నా ఇల్లు ఎలా తెలిసింది? రా, కూర్చో. నీ ఆకు చల్లగుండా! కట్ట కట్టంతా తిన్నా. ఇదిగో, పావుగంటయింది, ఒక్క తేపు రాలేదు. పదేళ్ళలో ఇంత హాయిగా లేదు కడుపు."

బల్ల మీద పళ్ళెం రొట్టెతో తుడిచినంత శుభ్రంగా ఉంది. పక్కన నీలిదారం.

యగిత్స గోడకి ఆనుకుని, ఊపిరి కూడగట్టుకుని, ఉన్నదున్నట్టు చెప్పింది. విషపాకు, మడుగు గట్టు, చేతుల వాసన, ఆసుపత్రి నర్సు మాట అన్నీ చెప్పింది. విల్కో ఓపిగ్గా విని తల అడ్డంగా ఊపాడు.

"నువ్వు పొరబడవు. ఊరంతా పొరబడుతుంది గాని నీ ముక్కు పొరబడదు. ఆ మాట మీదే కదా ఇన్నేళ్ళు నీ దగ్గర కొంటున్నా."

"ఇవాళ పొరబడ్డా అంటున్నాగా! పదండి, స్టేషను ముందు టాక్సీలున్నాయి."

"ఆసుపత్రికా? మా ఆవిడ మారాని తీసుకెళ్ళి తిరిగి పంపని ఆసుపత్రికి నా కాళ్ళతో నేను పోను. సాయంత్రం దాకా చూద్దాం. నొప్పి వస్తే అప్పుడు పోదాం."

"నొప్పి వచ్చాక పోయేది మీరు కాదు, మీ శవం!"

"అబ్బ, ఏం నోరమ్మా నీది. ఉండు, ఒక గుక్క రకియా వేస్తే ఏ విషమైనా చస్తుంది." బీరువాలోంచి ప్లమ్ సారా సీసా తీశాడు. అజీర్తికి అదే, జలుబుకి అదే, మోకాళ్ళకి మర్దనా అదే. ఆ ఊళ్ళో పుట్టినవాడెవడూ ఆ మందుని కాదనడు. యగిత్స ఆయన చేతిలో గ్లాసు లాక్కుని తూములో పోసేసింది.

ఆయన కోపగించలేదు, నవ్వాడు. "నిన్ను నమ్మినట్టు నేను చర్చి ఫాదరుని కూడా నమ్మను, తెలుసా? నువ్విచ్చింది నాకు చెడు చెయ్యదు."

గోడ మీద గడియారం టిక్కు టిక్కుమంటోంది. ముప్ఫై ఏళ్ళు కట్ట కట్టకీ కూడబెట్టుకున్న నమ్మకం ఆయన్ని కుర్చీకి కట్టేసి చంపబోతోంది. బతిమాలితే కదలడు, ఏడ్చినా కదలడు. ఇక ఒకటే మిగిలింది.

"అంత నమ్మకమా? అయితే వినండి. నిరుడు మీకిచ్చిన చామంతి కొండ మీదిది కాదు. టోకు దుకాణంలో సంచి కొని పొట్లాలు కట్టా."

"పోనీలే. చామంతి చామంతే."

"మా తోట ఆపిళ్ళ వెనిగర్ అని అమ్మానే, అది కొట్టులో కొన్నదే. సీసా మార్చి లోపల ఒక ఆపిల్ ముక్క వేశా. ఆ ముక్కొక్కటే మా తోటది."

విల్కో నవ్వు తగ్గింది.

"మీ పులితేపులకి వారం వారం ఇచ్చే బూడిదరంగు పొడి గుర్తుందా? సన్యాసుల మఠంలో రహస్యంగా తయారుచేస్తారని చెప్పానే?"

"అది... అది పనిచేసింది," అన్నాడాయన, ఈసారి నెమ్మదిగా.

"పనిచెయ్యక ఏమవుతుంది? అది సోడా ఉప్పే. కాస్త మాడ్చిన బార్లీ పిండి కలిపా. మూల కొట్టులో మీరు కొనే సోడా ఉప్పే నేనూ కొని మీకే పది రెట్లకి అమ్మా. నాలుగేళ్ళు! మఠమూ లేదు, మన్నూ లేదు."

అవన్నీ నిజాలే. సంతలో ప్రతి బల్ల వెనకా జరిగేవే, ఎవరూ పైకి అననివే. విల్కో మొహం మెడ నుంచి పైకి ఎర్రబడుతూ వచ్చింది. లేచాడు. కుర్చీ వెనక్కి పడింది.

"నాలుగేళ్ళా! ఒసే దొంగమొహందానా! ముసలాడి కడుపు మంట మీద పేలాలు వేయించుకున్నావా? పద! ఆసుపత్రికే పద! నువ్వు నాకేం తినిపించావో డాక్టరు చేత కాగితం మీద రాయించి, నిన్ను కోర్టుకి ఈడ్చకపోతే నా పేరు విల్కో కాదు!"

"రాయించండి. పదండి."

"నా టోపీ ఏదీ? దొంగదానా, నా టోపీ ఇలా తే!"

టాక్సీలో దారి పొడుగునా తిట్టాడు. డ్రైవరు అద్దంలోంచి ఇద్దర్నీ వింతగా చూశాడు. యగిత్స చేతులు ఒళ్ళో పెట్టుకుని విన్నది. జీవితంలో ఏ పొగడ్తా ఆవిడకి అంత ఇంపుగా వినబడలేదు.

ఆసుపత్రిలో వయసులో చిన్నదైన డాక్టరమ్మ ఎన్ని ఆకులు, ఎంతసేపైంది అని అడిగి, ఆయన కడుపులోకి నల్లటి బొగ్గునీళ్ళు ఎక్కించింది. రోజిక నాలుక చూపించుకుని అప్పటికే ఇంటికి పోయింది. సాయంత్రానికి విల్కోకి వాంతులు మొదలయ్యాయి. రెండు రోజులు ఆయన మనిషి కాలేదు. మూడో రోజు రక్తం కూడా ఎక్కించారట. యగిత్స ఇంట్లో కూర్చోలేదు, పడుకోలేదు. పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోయింది, పెరట్లోకి వెళ్ళి ఎందుకొచ్చానా అని నిలబడిపోయింది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని తనని తనే తిట్టుకుంది. గంటకోసారి ఆసుపత్రికి ఫోన్ చేస్తే ఆఖరికి నర్సు, "మీరాయనకి ఏమవుతారు?" అని అడిగింది. ఆవిడ ఫోన్ పెట్టేసింది.

ఎనిమిదో రోజున డాక్టరమ్మ చెప్పింది, గండం గడిచిందని. గంటలోపే రావడం వల్ల బతికాడు, సాయంత్రం దాకా ఆగి ఉంటే లేడు అంది. యగిత్స ఆ రోజే వెళ్ళింది. ఉత్త చేతులతోనే వెళ్ళింది, ఆసుపత్రికి తినడానికేమైనా తీసుకెళ్ళే ధైర్యం ఆవిడకి లేదు.

విల్కో సగమైపోయాడు. జుట్టు దిండు మీద రాలిపోతోంది. ఆవిణ్ణి చూసి కళ్ళు మళ్ళీ మూసుకున్నాడు.

"కేసు పెట్టారా?" అంది యగిత్స, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"ఓపికొచ్చాక పెడతా." కళ్ళు తెరవకుండానే అన్నాడు, "ఒక మాట అడుగుతా. మా మారా చివరి ఆర్నెల్లు ఏమీ తినలేకపోయేది. నీ దగ్గర బంతిపూలు కొనేవాణ్ణి. ఆ కషాయం రెండు గుక్కలు తాగితే కడుపులో మంట తగ్గి కాస్త నిద్రపట్టేది. మీ పెరట్లోవని, నీ చేత్తో కోసినవని చెప్పేదానివి. ఆ మాటే నేనావిడకి చెప్పేవాణ్ణి. అది విని తాగేది." ఇప్పుడు కళ్ళు తెరిచాడు. "అవీ టోకు దుకాణంవేనా?"

కావు. అవి పెరట్లోవే. ఆయన భార్య కోసం బావి పక్కన యగిత్స ఒక వరస ప్రత్యేకంగా వేసింది. మంచు ఆరాక, ఎండ ముదరకముందు కోసి, నీడపట్టున బట్ట మీద ఆరబెట్టింది. ఆ ఆర్నెల్లూ వేరే ఎవరికీ ఒక్క పువ్వు అమ్మలేదు.

"అవి మా పెరట్లోవే," అంది. "దేవుడి మీద ఒట్టు."

విల్కో ఆవిడ మొహంలోకి చాలాసేపు చూశాడు. కోపంతో కాదు, దప్పికగొన్నవాడు నీళ్ళకోసం చూసినట్టు చూశాడు.

"నాకెలా తెలుస్తుంది, చెప్పు?"

యగిత్స మళ్ళీ ఒట్టు పెట్టింది. ఆ గొంతు తన చెవికే వినబడింది. వెనిగర్ సీసా చేతికిస్తూ మా తోటదే అని ఒట్టు పెట్టిన గొంతూ అదే. విల్కో మెల్లగా గోడవైపు తిరిగి పడుకున్నాడు.